ఇంటి యుప్పునీటి తొట్టిలో సముద్రకుసుమము

గత విద్యాసంవత్సరమున తొమ్మిదవ తరగతి విద్యార్థులిద్దఱు మా యింటికి వచ్చి, గాజుతొట్టిలో నాపరాతి చీలికను పట్టుకొని మెల్లమెల్లగా ఊగుచున్న గోధుమవన్నె జీవిని చాలసేపు చూచి, "సార్, ఇది చెట్టా, పురుగా?" అని యడిగిరి. వారికి ఆనాడు చెప్పిన సంగతులను, చెప్పుటకు సిగ్గుపడి దాచిన సంగతులను గూడ ఈ సంచికలో వ్రాయుచున్నాము. సముద్రము కంటితో చూడని పిల్లలు మన పాఠశాలలో పెక్కుమంది కలరు. బషీరాబాదు నుండి ఏ దిక్కునకు బోయినను మూడువందల కిలోమీటర్లకు మించి ప్రయాణము చేసినగాని ఉప్పునీరు కానరాదు. అట్టి యూరిలో సముద్రజీవిని పెంచుట తగునా యను ప్రశ్నకు జవాబు ఈ వ్యాసము చదివిన పిదప చదువరులే చెప్పుకొందురు గాక.

ఆంగ్లేయులు ఈ జీవిని సీ అనిమోను అందురు. అనిమోను అనునది ఒక పువ్వు పేరు. కావున తెలుగున సముద్రకుసుమ మనవచ్చును. పేరు పువ్వుదే గాని అది ముమ్మాటికిని జంతువే. జెల్లిచేపకును, పగడపు దిబ్బలను కట్టు జీవికిని దగ్గఱి చుట్టము. దానికి తల లేదు, మెదడు లేదు, గుండె లేదు, ఎముక లేదు. అడుగున రాతిని పట్టుకొను పాదము, నడుమ గొట్టమువంటి దేహము, పైన నోరు, నోటిచుట్టు వ్రేళ్లవంటి స్పర్శకములు, ఇంతియే. తిన్నదానిలో అరుగని శేషమును ఆ నోటనే వెలికి గ్రక్కును. స్పర్శకములందు కంటికి కానరాని విషపు ముళ్లు చుట్టచుట్టుకొని యుండును. చిన్న చేపయో రొయ్యపిల్లయో తగిలినంతనే అవి చిమ్ముకొని వచ్చి గ్రుచ్చుకొనును. ఈ జాతికి చుట్టమైన మంచినీటి హైడ్రాలో అట్టి ముల్లు వెలువడుటకు సెకనులో పదిలక్షలవ వంతు కాలమైనను పట్టదని 2006లో జర్మనీ శాస్త్రజ్ఞులు కొలిచి చూపిరి. తుపాకి గుండునకు గూడ అంత తొందర లేదు.

ఇది అల్పాయుష్కమైన జీవి యని తలపరాదు. 1828లో స్కాట్లండు దేశమున నార్తు బెరిక్ తీరమున సర్ జాన్ డాలియెల్ అను పండితుడు ఎఱ్ఱని సముద్రకుసుమమును రాతినుండి తీసి యింటికి గొనిపోయి చిన్న గాజుపాత్రలో పెట్టెను. ఆనాడు విద్యుత్తు లేదు, పంపు లేదు. తఱచుగా సముద్రపు నీరు తెప్పించి మార్చుటయు, అప్పుడప్పుడు ఆలుచిప్పమాంసపు తునక నిచ్చుటయు మాత్రమే యుపచారము. డాలియెల్ 1851లో కాలధర్మము నొందెను, కుసుమము మాత్రము బ్రతికియుండెను. అది చేతులు మాఱి తుదకు ఎడింబరో రాజోద్యానమున చేరి, 1887లో మరణించెను. అప్పటికి అది మూడువందలకు పైగా పిల్లలను కనియుండుటచే జనులు దానిని "గ్రానీ", అనగా అవ్వ, యని ముద్దుగా పిలిచిరి. దాదాపు అఱువది యేండ్లు! మన బడిలో ఉద్యోగమున చేరి విరమించిన యుపాధ్యాయుని కాలముకంటె అది హెచ్చు.

ఈ యవ్వకథ చదివిన తోడనే మాకును కోరిక పుట్టినది. కాని డాలియెల్ సముద్రమునకు కూతవేటు దూరమున నుండెననియు, మేము తాండూరు నాపరాళ్ల గనుల దాపున నున్నామనియు అప్పుడు తోచలేదు. హైదరాబాదునుండి నలువది లీటర్ల తొట్టియు, సంచిలో సముద్రలవణమిశ్రమమును, నారింజరంగుపై తెల్లచారలుగల క్లౌన్ చేప నొకదానిని, ఒక సముద్రకుసుమమును తెచ్చుకొంటిమి. నీరు కలిపిన వారమునకే వానిని తొట్టిలో విడిచితిమి. లవణము కొంత తక్కువపడగా వంటింటి యుప్పు రెండు గుప్పిళ్లు చేర్చితిమి. బోధనకళాశాలలో శిక్షణ పొంది, యేటేట పిల్లలకు ద్రావణముల పాఠము చెప్పుచున్న మేము ఈ పని చేసితిమని వ్రాయుటకు చేయి ఆడకున్నది. పండ్రెండవ నాటికి కుసుమము నోరు తెఱచుకొని వాడిపోయెను. "నిద్రించుచున్నది కాబోలు" అనుకొంటిమి. పందొమ్మిదవ నాటి యుదయమున ఇల్లంతయు దుర్గంధము. కుసుమము కరగి జిగురై పోయినది, తొట్టినీరు పాలవలె తెలుపెక్కినది, చేప అడుగున పడియున్నది. ఆ నీటిని పెరటిలో పారబోసిన చోట చిరకాలము గడ్డియైనను మొలవలేదు. అమ్మినవానిపై నేరము మోపబోము. అడుగవలసిన ప్రశ్న లడుగక పోయినది మేమే.

ఏల చచ్చెనో పరిశీలింతము. సముద్రజలమనగా ఉప్పు కలిపిన నీరు కాదు. కిలోగ్రాము సముద్రజలమున నుండు సుమారు 35 గ్రాముల లవణములలో క్లోరైడు 19 గ్రాములు, సోడియము 11 గ్రాములకు కొంచెము తక్కువ, గంధకసంబంధమైన సల్ఫేటు 2.7, మెగ్నీషియము 1.3, కాల్షియమును పొటాషియమును ఒక్కొక్కటి 0.4 గ్రాముల చొప్పున ఉండును. ఇంకను పెక్కు ధాతువులు లేశమాత్రముగ కలవు. వంటింటి యుప్పులో మొదటి రెండు తప్ప తక్కినవి లేనట్లే. కావున అక్వేరియములకై కూర్చిన లవణమిశ్రమమునే వాడవలెను. లీటరునకు 35 గ్రాములు, రెండువందల లీటర్ల తొట్టికి ఏడు కిలోలు. హైడ్రోమీటరు వేసి చూచినచో సాంద్రత 1.025 దాపున నుండవలెను.

ఇక నీటి సంగతి. మా ప్రాంతపు బోరునీరు సున్నపురాతి పొరలనుండి వచ్చునది. నీరు కాచిన గిన్నెలలో తెల్లని పెచ్చులు కట్టుట తల్లు లందఱును ఎఱిగినదే. ఆ నీటిలో ఇదివఱకే ఏమేమి కరగియున్నవో తెలియక దానిపై మరల లవణము కలుపుట లెక్క తప్పించుకొనుటయే. ఆర్.ఓ. యంత్రమున వడిసిన నీటినే మేము వాడుదుము. ఆ యంత్రము విడుచు వ్యర్థజలమును పారబోయక బట్టలుతుకుటకు పెట్టుకొందుము. కుళాయినీటిలో క్లోరిను కలదు, అదియు జీవులకు హానికరమే. రాగి పాత్రతో తొట్టినీరు ముంచరాదు. చేపల రోగమునకు అమ్ము మందులు కొన్నిటిలో రాగి యుండును. చేప దానిని కొంత సహించును గాని కుసుమము సహింపదు.

అన్నిటికంటె పెద్ద తప్పు మా తొందర. తొట్టిలోని జీవులు విసర్జించిన మలినమునుండి అమ్మోనియా పుట్టును, అది విషము. కొన్ని సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగా మార్చును, అదియు విషమే. వేఱు సూక్ష్మజీవులు ఆ నైట్రైటును నైట్రేటుగా మార్చును, ఇది అంత చెఱుపు చేయదు. కందిచేనిలో పశువుల యెరువు వేసినప్పుడు మట్టిలో జరుగు పనియు ఇదియే. రైతుబిడ్డలకు ఇది సులభముగ బోధపడును. ఎరువు వేసిన మఱునాడే పంట రాదు గదా! అట్లే క్రొత్తతొట్టిలో ఈ సూక్ష్మజీవులు నెలకొనుటకు నెల పదిహేను దినములైనను పట్టును. సముద్రకుసుమమునకు ఆ మాత్రము చాలదు. ఆఱు మాసములకు మించి నిలకడగా నడచిన తొట్టిలోనే దానిని విడువవలెనని అనుభవజ్ఞు లందఱును చెప్పుదురు. మేము వారములో విడిచితిమి.

రెండవసారి రెండువందల లీటర్ల తొట్టి కట్టించితిమి. పెద్దతొట్టి ఆడంబరము కొఱకు కాదు. నీరు హెచ్చుగ నున్నచో వేడిమియు ఉప్పదనమును మెల్లగా మాఱును, తప్పు దిద్దుకొనుటకు మనకు వ్యవధి దొరకును. రాతి కొఱకు ఎక్కడికో పోలేదు. గనిదగ్గఱ పాలిషు పట్టక పాఱవేసిన నాపరాతి ముక్కలు తెచ్చి, కడిగి, నెలదినములు నీట నానబెట్టి, చీలికలు ఏర్పడునట్లు దొంతరగా పేర్చితిమి. నాపరాయి సున్నపురాయి జాతిదే యగుటచే ఉప్పునీటికి కీడు చేయదు. అయితే అది గట్టిరాయి, సూక్ష్మజీవులు కాపురముండు రంధ్రములు తక్కువ. అందుకై వడపోతపెట్టెలో పింగాణి గొట్టపు ముక్కలు నింపితిమి. బజారులో పగడపురాయి దొరకినను కొనరాదు. వన్యప్రాణిసంరక్షణచట్టమున 2001లో పగడములు మొదటి షెడ్యూలున చేర్చబడినవి. పులికిచ్చిన రక్షణయే వానికిని ఇయ్యబడినది. ఎనిమిది మాసములు ఆ తొట్టిలో చేపలు రెండుమాత్రమే యుండెను. ఇంటివారు "ఖాళీతొట్టికి ఇంత కరెంటా?" అని నవ్విరి. నవ్వనిచ్చితిమి.

ఈ మాఱు తెచ్చినది స్పర్శకముల కొనలు బుడగలవలె నుబ్బు జాతిది. మఱియొకని తొట్టిలో చీలి పుట్టిన పిల్ల గాని, సముద్రమునుండి పీకి తెచ్చినది కాదు. దీనిని కొనుటకు ముందు మేము విచారించిన మొదటి విషయము ఇదియే. సంచిని తెచ్చినతోడనే నీటిలో గుమ్మరింపక, సన్నని గొట్టముద్వారా తొట్టినీరు బొట్టుబొట్టుగా సంచిలో పడునట్లు చేసి, గంటన్నర కాలము అలవాటు పడనిచ్చితిమి. పాదము చిరిగియుండని దానిని, నోరు బిగించియున్న దానిని, చేయి తగిలిన అంటుకొను దానిని ఎన్నుకొనవలెను. నోరు వ్రేలాడుచున్నది చవుకగా వచ్చినను వలదు.

ఈ జాతి దేహములో అతిసూక్ష్మమైన నాచుకణములు కాపురముండును. అవి వెలుతురున ఆహారము సిద్ధపఱచి అందు ముప్పాతిక మువ్వీసము యజమానికి ఇచ్చునంతటి యుదారములు. కావున దినమునకు ఎనిమిది మొదలు పది గంటలు మంచి ఎల్.ఇ.డి. దీపపు వెలుగు కావలెను. కిటికీయెండ పెట్టరాదు, అది నీటిని వేడి చేయును. వేడిమి హెచ్చినచో కుసుమము ఆ నాచును వెళ్లగ్రక్కి తెల్లబడును. ఆ తెలుపు సౌందర్యము కాదు, ఆకలి. 1998, 2010, 2016 సంవత్సరములలో మనదేశపు పగడపు దిబ్బలు తెల్లబడినది ఈ కారణముననే.

24 మొదలు 27 డిగ్రీల సెంటిగ్రేడు వఱకు దానికి హితము. మన యూరి వైశాఖమాసపు టెండ నలువదికి పైమాట. శీతలయంత్రము కొనుటకు మాకు శక్తి చాలలేదు. నీటిపై చిన్న విసనకఱ్ఱయంత్రము, అనగా మేజాఫ్యాను, తిప్పితిమి. మట్టికుండలో నీరు చల్లబడు న్యాయముననే తొట్టినీరును రెండు మూడు డిగ్రీలు తగ్గును. గదికి తడి వట్టివేళ్ల తడిక కట్టితిమి. ఒక సంతోషకరమైన సంగతి: విశాఖపట్టణమువంటి చెమట యూరిలో ఈ యుపాయము అంతగా పాఱదు, పొడిగాలిగల మా తెలంగాణములోనే బాగుగ పాఱును. సముద్రము దూరమగుటవలన కలిగిన లాభము ఇది యొక్కటే.

అయితే ఆవిరియై పోవునది నీరేగాని ఉప్పు కాదు. విద్యార్థులు లెక్క కట్టవచ్చును. రెండువందల లీటర్లలో ఏడువేల గ్రాముల లవణ మున్నది. పది లీటర్లు ఆవిరియైనచో మిగిలిన నూట తొంబది లీటర్లలోను ఆ యేడువేల గ్రాములే యుండును. అప్పుడు లీటరునకు 35కు బదులు 36.8 గ్రాములగును. వేసవిలో ఇది నాలుగైదు దినములలో జరుగును. కావున ప్రతిదినమును తగ్గినంత మేర మంచి ఆర్.ఓ. నీరే పోయవలెను, ఉప్పునీరు పోయరాదు. వారమున కొకమాఱు ఇరువది లీటర్లు తీసి క్రొత్తగా కలిపిన ఉప్పునీరు పోయుట వేఱు. ఈ రెంటిని కలగలుపువారు పెక్కుమంది.

ఆహారము వారమునకు ఒకటి రెండు మాఱులు, చిటికెనవ్రేలి గోరంత రొయ్యతునక చాలును. పిల్లలు చూచి సంతసింతురని దినదినము పెట్టరాదు. అరుగనిది గ్రక్కును, గ్రక్కినది కుళ్లును.

కుసుమము కదలదని తలంచినవారు మాకు జరిగినది వినవలెను. నాలుగవ మాసమున దీపము స్థానము కొంచెము మార్చితిమి. ఆ రాత్రియే అది పాదము సడలించి గాజుగోడ వెంట బయలుదేరెను. పంపు నీరు పీల్చు నోరు దాని దారిలో నున్నది. దానిలో చిక్కిన కుసుమము తునాతునకలై తొట్టినంతటిని చంపును. ముందే స్పంజి తొడిగియుంటిమి గాని, మూడు రాత్రులు కుర్చీ వేసికొని కావలి కాచితిమి. మూడవ రాత్రి ఉఱుములతో వాన వచ్చి కరెంటు పోయెను. పంపు నిలిచెను, కుసుమము స్పంజిపై నెక్కెను. కరెంటు వచ్చునప్పటికి మేము స్విచ్చి కట్టివేసి యుంటిమి గనుక పాదపు అంచు కొంచెము చిరుగుటతో పోయినది. నెలకు మానెను. అప్పటినుండి బ్యాటరీతో నడచు గాలిపంపు నొకదానిని సిద్ధముగ నుంచుచున్నాము. కరెంటు లేక నీరు కదలనిచో ప్రాణవాయువు తగ్గును.

2003లో వచ్చిన "ఫైండింగ్ నీమో" యను బొమ్మల చిత్రమును చూచిన పిల్లలు క్లౌన్ చేపకు సముద్రకుసుమము లేనిదే బ్రతుకు లేదని నమ్ముచున్నారు. సముద్రమున అది నిజమే. ఒంటిమీది జిగురుపొర మూలమున విషపు ముళ్లు ఆ చేపను గ్రుచ్చవు. స్పర్శకముల నడుమ దాగి అది శత్రువులనుండి తప్పించుకొనును, బదులుగా కుసుమమును కొఱుకవచ్చు చేపలను తఱుమును, దాని మలము నాచుకణములకు ఎరువగును. తొట్టిలో శత్రువులు లేరు గనుక కుసుమము లేకున్నను చేప సుఖముగ నుండును. చేపయే ముద్దయిన పిల్లలు తొట్టిలో పుట్టిపెరిగిన క్లౌన్ చేపతో తృప్తి చెందవచ్చును. మనదేశమున కేంద్ర సముద్రమత్స్య పరిశోధనసంస్థవారు ఆ చేపలను తొట్లలో పొదిగించు విధానము కనుగొనిరి.

ఇంగ్లండున ఫిలిప్ గాస్ అను ప్రకృతిశాస్త్రజ్ఞుడు 1854లో అక్వేరియమును గూర్చి వ్రాసిన గ్రంథము దేశమున పెద్ద మోజు పుట్టించెను. ఇంటింట గాజుతొట్లు వెలసెను. జనులు గంపలు పట్టుకొని సముద్రతీరమున కెగబడిరి. అతని కుమారుడు ఎడ్మండ్ 1907లో ప్రకటించిన స్వీయకథలో, తాను బాల్యమున తండ్రితో చూచిన రాతిమడుగుల యందము ఆ కోలాహలమున నశించినదని వగచెను. తండ్రి కోరినది అది కాదు. మన విశాఖతీరమున ఋషికొండ, మంగమారిపేట ప్రాంతపు రాళ్లమధ్య పోటు తగ్గినప్పుడు నిలుచు మడుగులలో సముద్రకుసుమములు కలవు. మా పిల్లలతో అచ్చటికి పోయినపుడు గంటసేపు మోకాళ్లపై కూర్చుండి చూచితిమి. ఒకడు జేబులోనుండి ప్లాస్టికు సీసా తీసెను. తీసికొని వచ్చిన యెడల అది రైలులోనే చచ్చునని చెప్పి, సీసా ఖాళీగనే యింటికి తెచ్చితిమి. వాడు రెండు దినములు మాతో మాటలాడలేదు.

మొన్న ఆశ్వయుజమాసమున మా కుసుమమునకు ఒక యుదయమున రెండు నోళ్లు కనబడెను. మధ్యాహ్నమునకు నిలువున చీలి, రెండు ముక్కలును చెరియొక రాతిని పట్టుకొనెను. ఇది ఆ జాతికి సంతతి కలుగు విధములలో నొకటి. వార్త తెలిసినంతనే విద్యార్థులు రెండవదానిని పాఠశాల విజ్ఞానశాలకు ఇమ్మని యడిగిరి. మేము ఇంకను ఇయ్యలేదు. వేసవిసెలవులలో దాదాపు నలువదియైదు దినములు విజ్ఞానశాలకు తాళము పడును. నీరు మిక్కిలి ఆవిరియగు దినములు అవియే. ఆ దినములందు ప్రతియుదయము వచ్చి నీరు పోయువారెవరో, కరెంటు పోయినచో పరుగెత్తివచ్చువారెవరో పేళ్లతో పట్టిక కావలెనంటిమి. పట్టికలో ఏడు పేళ్లు వచ్చినవి, అందు మూడింటికి తలిదండ్రుల సంతకములు ఇంకను రాలేదు.

ఈలోపున విజ్ఞానశాలకు వేఱొక కుసుమము నిచ్చితిమి. ఐప్టేసియా యను ఆ చిన్నజాతి ఎవరును పిలువకయే ఏ రాతివెంటనో తొట్టిలోనికి వచ్చి కలుపువలె పెరుగును. పెంపకందార్లు దానిని చంపుటకు మందులు వెదకుదురు. ముక్క తెగిన ముక్కయే పిల్లయగును. కాని పగడములు తెల్లబడుటకు కారణమును పరిశోధించువారు ప్రపంచమంతట ఆ కలుపునే ప్రయోగశాలలందు పెంచుచున్నారు. రెండు లీటర్ల సీసాలో అది మాసములతరబడి బ్రతుకును. భూతద్దము క్రింద దాని స్పర్శకములు చూచిన విద్యార్థికి పెద్దది చూడలేదను కొఱత యుండదు.

పెద్దదానిని చూడగోరు విద్యార్థులును, తలిదండ్రులును శనివారము సాయంకాలము అయిదు గంటలకు, రొయ్యతునక పెట్టు సమయమున, మా యింటికి రావచ్చును. తొట్టిలో చేతులు పెట్టరాదు.